సర్జన్ గారి కారుకు బోల్టు పీకిన వైనం

డెబ్బైల మధ్యలో ఒక ఎండాకాలం నన్ను బందరు నుంచి విజయవాడలోని ఒక ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా డెంటల్ అసిస్టెంట్ సర్జన్. హోదాలో సర్జన్ అన్న మాట ఉన్నా ఆపరేషన్ థియేటరు వైపు మమ్మల్ని ఎవరూ పిలిచేవారు కాదు. మాకున్నదల్లా ఓపీలో ఒక మూల గది, ఒక కుర్చీ, కాలితో తొక్కితే తిరిగే డ్రిల్లు. కరెంటు పోయినా పని ఆగదన్న గొప్ప ఒక్కటీ ఆ డ్రిల్లుకు ఉండేది.

మా పై అధికారి సివిల్ సర్జన్ సత్యనారాయణమూర్తి గారు. కడుపు కోసి కుట్టడంలో చెయ్యి తిరిగినవారు. ఆ చెయ్యి దేనిమీదైనా తిరుగుతుందని ఆయన గట్టి నమ్మకం.

నేను చేరిన కొత్తలో ఒక శనివారం మధ్యాహ్నం, భవానీపురంలోని వారింటి నుంచి రిక్షా వేసుకుని మనిషి వచ్చాడు.

"విరిగిన వేరు ఏదో తియ్యాలంటండి. అర్జెంటంట. సామానంతా తెమ్మన్నారు" అన్నాడు.

పన్ను విరిగి వేరు దవడలో ఉండిపోవడం మా వృత్తిలో మామూలే, కానీ తేలిక కాదు. పట్టుకోవడానికి పైన ఏమీ మిగలదు. ఎలివేటర్ అనే సన్నటి మొన ఉన్న పనిముట్టును వేరుకూ ఎముకకూ మధ్య దూర్చి, నెమ్మదిగా కదిలించి వదులు చేస్తాం. చదువుకునే రోజుల్లో కొనుక్కున్న నా సొంత ఎలివేటరు అప్పటికి వందలాది పంటి వేర్లు తీసింది. దాన్ని సంచిలో పెట్టుకుని, తొక్కుడు డ్రిల్లును కాళ్ల దగ్గర ఇరికించుకుని రిక్షా ఎక్కాను.

సర్జన్ గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. చేతులకు థియేటరు గ్లౌజులు, వాటి నిండా నల్లటి గ్రీజు.

"పేషెంటు ఎవరు సార్?" అని అడిగాను.

"షెడ్డులో ఉంది, రామ్మా" అన్నారు.

షెడ్డులో వారి పాత కారు బానెట్ ఎత్తి ఉంది. ఇంజను మీద ఆకుపచ్చ థియేటరు గుడ్డలు పరిచి, మధ్యలో చదరంగా కాస్త జాగా వదిలారు. పక్కన మా మత్తు డాక్టరు ఖాదర్ గారు టార్చిలైటు పట్టుకుని నిలబడ్డారు.

"నన్నూ అర్జెంటనే పిలిచారు మేడమ్. మత్తు ఎవరికివ్వాలో ఇంకా తెలీలేదు" అన్నారు మెల్లగా.

జరిగింది ఇది. కారు వేడెక్కి నీళ్లు మరుగుతుంటే, ఇంజనుకు నీళ్లు తిరిగే దారిలోని ఒక మూతను సర్జన్ గారు స్వయంగా విప్పి శుభ్రం చేశారు. తిరిగి బిగించేటప్పుడు, గట్టిగా ఉండాలని స్పానరుకు ఇనుప గొట్టం తొడిగి మరీ తిప్పారు. బోల్టు తల ఊడి చేతిలోకొచ్చింది. మొండెం ఇంజనులో ఉండిపోయి, బియ్యపు గింజంత మాత్రం పైకి కనిపిస్తోంది. దాన్ని రక్తనాళాలు పట్టే ఫోర్సెప్స్‌తో లాగబోయి ఆయన రెండు ఫోర్సెప్స్ వంకర చేశారు.

మజ్జిగ గ్లాసులతో వచ్చిన వారి భార్య కామేశ్వరమ్మ గారు అసలు సంగతి చెప్పారు. "రేపు గుడివాడలో మా చెల్లెలి గృహప్రవేశం. కార్లో వస్తున్నామని కార్డు రాసేశానమ్మా. అది ఏడాది నుంచీ వాళ్ల కారు గురించే చెప్పి చంపుతోంది. ఇప్పుడు నేను బస్సు దిగితే ఏమైనా ఉందా? మెకానిక్కుని పిలవండీ అంటే ఈయన వినరు."

"మనిషి కడుపులో చెయ్యి పెట్టేవాణ్ణి, బోల్టుకి మెకానిక్కా?" అన్నారాయన.

"పెట్టారుగా. అందుకేగా విరిగింది" అన్నారావిడ.

ఖాదర్ గారు, ఈథర్ పోస్తే సందుల్లోకి దిగి వదులవుతుందేమో అన్నారు. ఈథర్ నిప్పు సోకితే భగ్గుమంటుంది, పక్కనేమో స్టవ్వు మీద కాఫీ నీళ్లు మరుగుతున్నాయి. "బోల్టు సంగతేమో గానీ మనం వదులవుతామండీ" అన్నాను. చివరికి స్టవ్వు ఆర్పి, కిరసనాయిలు పోసి కాసేపు నాననిచ్చాం.

పంటికైతే చుట్టూ సందు ఉంటుంది. బోల్టుకు మరలే తప్ప సందు ఉండదు. అందుకని కట్టుడు పళ్లను అరగదీసే సన్నటి చక్రాన్ని డ్రిల్లుకు బిగించి, బోల్టు నెత్తిన అడ్డంగా గాడి కొయ్యాలనుకున్నాను. ఖాదర్ గారు తొక్కారు. చక్రాలు పటుక్కుమని విరుగుతున్నాయి. ఆయన అలసి నెమ్మదించినప్పుడల్లా సర్జన్ గారు అలవాటు చొప్పున "బీపీ ఎంతుంది?" అని అడిగేవారు. "కారుకా సార్, నాకా?" అనేవారు ఖాదర్ గారు వగరుస్తూ.

గాడి పడింది. ఆఖరి తిప్పు హోదా ప్రకారం సీనియరుదే అని సర్జన్ గారు స్క్రూడ్రైవరు అందుకున్నారు. నేను "ఎడమవైపు సార్" అనేలోపే కుడివైపు బలంగా తిప్పారు. గాడికి ఒక అంచు ఊడిపోయింది. థియేటరులో ఎవరినైనా కసిరే మనిషి, ఆ పూట తనను కసిరే దిక్కు కోసం చూస్తున్నట్టు భార్య వైపు చూశారు. ఆవిడ మజ్జిగ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్లిపోయారు. దాంతో ఆయన మరీ బెదిరిపోయారు.

ఇక మిగిలింది నా ఎలివేటరు. మొన విరిగితే అలాంటిది మళ్లీ దొరకదు. అయినా మిగిలిన అంచుకు దాన్ని ఆనించి, దవడ పన్నుకు చేసినట్టే, వెంట్రుకవాసి ఎడమకు, వెంట్రుకవాసి కుడికి కదిలించడం మొదలుపెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కిర్రుమంది. బోల్టు కదిలిందో, నా మొన విరిగిందో తెలియక కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి గాడి కాస్త ఎడమకు తిరిగి ఉంది. ఆ పైన మెల్లగా తిప్పుకుంటూ పోతే మొత్తం బయటికొచ్చింది.

చెయ్యి తన అలవాటు మానలేదు. ఆ రంధ్రంలో దూది ఉండ నొక్కి, "అరగంట గట్టిగా కొరికి పట్టుకోండి, ఉమ్మెయ్యకండి" అన్నాను కారుతో. ఖాదర్ గారు డ్రిల్లు మీద వాలిపోయి నవ్వారు. సర్జన్ గారు మాత్రం గంభీరంగా తల ఊపి, "వేడివి ఇవ్వొచ్చా?" అని అడిగారు.

విరిగిన ముక్కను దూదిలో చుట్టుకుని ఖాదర్ గారు ఆటోనగర్ వెళ్లి, సరిపోయే కొత్త బోల్టు తెచ్చారు. దూది తీసేసి దాన్ని నేనే బిగించాను. ఇనుప గొట్టాన్ని కామేశ్వరమ్మ గారు అప్పటికే వంటింట్లో దాచేశారు.

మర్నాడు కారు గుడివాడ వెళ్లి వచ్చింది. గృహప్రవేశానికి వచ్చిన వాళ్లంతా పంటి డాక్టరు వైద్యం చేసిన కారును చూడటానికి వీధిలో గుమిగూడారట. చెల్లెలి కారు వంక ఎవరూ చూడలేదని కామేశ్వరమ్మ గారే వచ్చి చెప్పి, నాకు కొత్తింటి లడ్డూలు ఇచ్చి వెళ్లారు.

ఆ రోజు నేర్చుకున్నవి రెండు. బిగుసుకున్నదాన్ని లాగకూడదు, ఒకే వైపు తిప్పనూ కూడదు. ఇటు కొంచెం, అటు కొంచెం కదిలిస్తూ ఓపిక పట్టాలి. పంటికైనా ఇనుముకైనా పద్ధతి అదే. రెండోది, పై అధికారి ఇంటి నుంచి అర్జెంటు అని కబురు వస్తే, సంచి సర్దుకునే ముందు పేషెంటుకు నోరుందో లేదో కనుక్కోవాలి. రిటైరయ్యేదాకా నేను అడుగుతూనే ఉన్నాను.