రిజిస్టర్లో లేని మణి దీదీ

మా చిన్నప్పుడు... ఒక శనివారం పూట పాఠం ఆపేసి, మా చేత ఒక పేరు వల్లె వేయించారు.

"మీ టీచరమ్మ పేరేటి?" అని అడిగారు మా తెలుగు బడి కమిటీ సెక్రటరీ. ఖరగ్‌పూర్ బజారులో బట్టల కొట్టు ఆయనది.

"సెంద్రావతి గారు..." నాలుగో తరగతి మొత్తం ఒకే గొంతు.

"సెంద్రావతి కాదర్రా. చంద్రావతి. మళ్ళీ అనండి," అని దిద్దింది మా టీచరు. ఆమె పేరు నాగమణి.

చంద్రావతి గారిని మేమెవరం చూసి ఎరగం. కమిటీ ప్రెసిడెంటు గారి తమ్ముడి కోడలు. శ్రీకాకుళం వైపు ఎక్కడో కాపురం. ఆవిడకి బీయెడ్ ఉంది, కాబట్టి రిజిస్టర్లో ఆవిడ పేరు. మాకు అక్షరాలు దిద్దించే నాగమణికి బీయెడ్ లేదు, కాబట్టి రిజిస్టర్లో ఆమె లేదు. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆ ఒక్క రోజుకీ నాగమణే చంద్రావతి కావాలి. తన పేరు కాని పేరును సరిగ్గా పలకమని మాకు తనే నేర్పింది...

మేం ఆమెని మణి దీదీ అనేవాళ్ళం. ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే క్వార్టర్లలో మా వెనక లైన్లోనే ఉండేది. గ్యాంగ్‌మన్ కూతురు. గూడ్సు బండి వెళ్తుంటే డబ్బాలు లెక్కపెట్టించి ఎక్కాలు చెప్పేది. "ఇంట్లో 'ఏటి', కాగితం మీద 'ఏమిటి'... రెండూ మనవే," అనేది. మా మాటకి మేం సిగ్గుపడకుండా మాకు రాయడం నేర్పిన మనిషి ఆమె ఒక్కతే.

ట్రైనింగుకి పోతానని కమిటీకి మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. సెలవు ఇవ్వండి, తిరిగి వచ్చాక ఈ బడిలోనే చేస్తానని రాసింది. "నువ్వెల్లిపోతే బడెవులు సూస్తారమ్మా?" అని మూడుసార్లూ నవ్వి పంపేశారు. కమిటీలో పదకొండు మంది. వాళ్ళ పిల్లలు ఒక్కరూ మా బడిలో లేరు. వార్షికోత్సవం నాడు ఎవరి మెడలో దండ ముందు పడాలన్నదే వాళ్ళ మీటింగుల్లో పెద్ద తగువు.

ఈసారి మాత్రం మాట ఇచ్చారు. తనిఖీ గట్టెక్కిస్తే ఆమె అర్జీ మీద సంతకాలు పెడతామన్నారు. అందుకే ఒప్పుకుంది. ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మెత్తగా మాట్లాడే బెంగాలీ పెద్దమనిషి. ముందు బెంచీలో ఉన్న నన్ను చూసి నవ్వుతూ అడిగాడు... "దీదీమొణిర్ నామ్ కీ?"

బెంగాలీలో ఆడ టీచర్ని దీదీమొణి అంటారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ మాట నా చెవికి మణి దీదీ అనే వినిపించింది. మా మణి దీదీ ఈయనకి కూడా తెలుసన్నమాట అనుకున్నాను. మాకు వల్లె వేయించింది టీచరమ్మ పేరు కదా... ఈయన అడిగింది మణి దీదీ పేరు. లేచి నిలబడి గట్టిగా చెప్పాను.

"నాగమణి."

ఆయన రిజిస్టర్ తెరిచాడు. పైనుంచి కిందికి వేలితో వెతికాడు. "బచ్చీ హై సాబ్, గల్తీ సే బోల్ దియా," అని సెక్రటరీ నవ్వబోయారు, చిన్నపిల్ల పొరపాటున అనేసిందన్నట్టు. ఇన్‌స్పెక్టరు ఆయన వైపు చూడలేదు. మణి దీదీనే అడిగాడు, మీ పేరేమిటని.

చంద్రావతి అని ఉంటే సరిపోయేది. ఆమె నా వైపు చూసింది. నేనింకా నిలబడే ఉన్నాను.

"నాగమణి," అంది.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. సర్టిఫికెట్ లేని మనిషి వేరే పేరుతో చేరి బడిని మోసం చేసిందని, ఆమెని తీసేస్తున్నామని కాగితం రాసింది. మూడు అర్జీల మీద పడని సంతకాలు, ఆ కాగితం మీద పదకొండూ పడ్డాయి.

"ఏటే, ఆ నోరు కాసేపు మూసుకోనేకపోయినావా?" అని మా అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది. చీకటి పడే వేళకి మణి దీదీ మా గుమ్మంలోకి వచ్చింది. "దాన్ని కొట్టకు వదినా. పేరడిగితే పేరు సెప్పినాది. అబద్దం నేర్పినది నేను గదా," అంది. కూర్చోమంటే కూర్చోలేదు.

తర్వాత మా క్లాసుకి ఆరు నెలలు ఎవరూ రాలేదు. వచ్చినాయనకి సర్టిఫికెట్ ఉంది, ప్రెసిడెంటు గారి చుట్టరికమూ ఉంది. కుర్చీలో పేపరు చదువుకునేవాడు. ఒక్కొక్కరుగా పిల్లలు హిందీ మీడియానికి పోయారు... నేనూ పోయాను. మూడేళ్ళకి బడి మూతపడింది. 'తెలుగువాళ్ళకి తెలుగు మీద ప్రేమ లేదు' అని ఆ కమిటీ పెద్దలే సభల్లో బాధపడుతుంటారు. విన్నప్పుడల్లా నా ఒళ్ళు మండుతుంది.

కాలేజీ రోజుల్లో దొరికిన కరపత్రమల్లా చదివాను. 'పాలకవర్గం' అన్న మాట కనిపిస్తే ఢిల్లీలో ఉండేవాళ్ళనుకునేదాన్ని. మా బడి గోడ మీద పాలరాతి పలకలో కూడా అదే మాట చెక్కి ఉంది... పాలకవర్గ సభ్యులు, కింద పదకొండు పేర్లు. ఎన్నిసార్లు దాని ముందు నుంచి నడిచానో.

టీచరుకి సర్టిఫికెట్ అక్కర్లేదని నేననను. కావాలి. పిల్లల్ని ఎవరి చేతిలో పడితే వాళ్ళ చేతిలో పెట్టకూడదు. ఇన్‌స్పెక్టరు తన పని తను చేశాడు. కానీ చదువుకుంటానని మూడుసార్లు అడిగిన మనిషిని ఆపి, చదువు లేదని వెళ్ళగొట్టిన వాళ్ళని ఏ ఇన్‌స్పెక్టరు తనిఖీ చేస్తాడు? వాళ్ళకి ఏ అర్హత ఉందని అడిగినవాళ్ళు లేరు.

మణి దీదీ ఇప్పుడు ఊళ్ళోనే ఝపటాపూర్‌లో జాకెట్లు కుడుతోంది. పోయిన నెల ట్రైనింగ్ కోర్సు దరఖాస్తు ఒకటి పట్టుకెళ్ళాను. మొదటి పేజీ చదివి మడిచి నా చేతిలోనే పెట్టింది. "ఇప్పుడు సదివి ఏ బడికి పోనమ్మా?" అంది.

దరఖాస్తు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ట్రాఫిక్‌లో ఇప్పటికీ సందు సందునా తెలుగు వినిపిస్తుంది... రాయడం వచ్చిన పిల్ల మాత్రం ఒక్కతీ కనిపించదు.

మీకు చదువు చెప్పి, ఏ రిజిస్టర్లోనూ లేని టీచర్లు మీ ఊళ్ళలోనూ ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు కింద రాయండి... ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.