ఖాళీ ఫోల్డరు పేరు

నెల్లికుదురులోని మా పెద్దమ్మకు చూపు లేదు. తాను పాడి దాచుకున్న పాటలు వినాలన్నా, చిన్న మ్యూజిక్ ప్లేయరును చేతికిచ్చి, "జర నాట్ల పాట పెట్టు బిడ్డా" అని ఎవరినో ఒకరిని అడగవలసి వచ్చేది. అలా అడగడమే ఆమెకు కష్టం. అందుకని, మీట నొక్కుతూ ఒక్కో పాటల ఫోల్డరు మీదికి వెళ్లగానే దాని పేరు పైకి వినిపించేలా ఆ ప్లేయరుకు నేనొక చిన్న ప్రోగ్రాము రాశాను. కంప్యూటరు గొంతు విని ఆమె నవ్వింది.

"ఎవలురా గీమె? నా పాటల పేర్లు నేనే చెప్త."

చెప్పింది, నేను రికార్డు చేసి అమర్చాను. ఇప్పుడు తానే మీట నొక్కుతుంది. పేరు వినిపించిన ప్రతిసారీ, ఎవరో పిలిచినట్టు "ఆఁ" అని పలుకుతుంది.

పేర్లు రికార్డు చేసిన రోజు చివరన ఒక ఖాళీ ఫోల్డరు మిగిలితే, "తీసెయ్యాల్నా పెద్దమ్మా?" అని అడిగాను.

"ఉండనియ్యిరా. దానికి గూడ పేరున్నది," అని గొంతు సవరించుకొని చెప్పింది: "ముందుముందు పాడేటి పాటలు."