అడిగి ఫోటో తీసే మనిషి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఆంటీ ఫోన్ చేసింది. "మీ అంకుల్ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా" అని పెట్టేసింది. గ్యాస్ కట్టేసి స్టూలు మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, నిజమే. కానీ దానికంటే ముందు వచ్చిన ఆలోచన దాచిపెడితే ఇదంతా రాయడం దండగ. ఆయన నెగటివ్‌ల డబ్బాల్లో మా అమ్మ ఫోటో ఒక్కటైనా ఉండి ఉంటుందా అనుకున్నాను. పోయిన మనిషి దగ్గర కూడా నాకేం దొరుకుతుందా అని చూసే బుద్ధి నాది.

చిలకలగూడలో మా ఇంటి మేడమీద ఆయన ఇరవై ఏళ్ళకు పైగా అద్దెకున్నారు. సొంతూరు భీమవరం దగ్గర. రైల్వేలో గుమాస్తా. ఏడాదికోసారి పాసు మీద ఆంటీని తీసుకుని దేశం తిరిగొచ్చేవారు, మెడలో కెమెరాతో. ఫోటోలు కడిగించాక ఆదివారం చర్చి నుంచి వస్తూ, ఆ తెల్లచొక్కాతోనే మా వాకిట్లో కూర్చునేవారు. చూసేవాళ్ళు ఎవరైనా సరే చేతులు కడుక్కుని తుడుచుకుని, ఫోటోని అంచులు పట్టుకునే చూడాలి. ఒకదాని కథ పూర్తిగా వినందే రెండోది చేతికిచ్చేవారు కాదు. అందుకే మా నాన్న ఆదివారాలు ఏదో పని కల్పించుకుని రాంగోపాల్‌పేట పోయేవాడు.

అమ్మకు మాత్రం అదే పండగ. మంచాన పడ్డ నానమ్మను వదిలి అమ్మ ఎక్కడికీ కదలలేదు. మొదట్లో అంకుల్ అందరిలాగే గోపురాలు, కోటలు తీసుకొచ్చేవారు. అమ్మ రెండు చూసి పక్కన పెట్టేసింది.

"ఏందన్నా, గీ గోపురం మా క్యాలెండర్ల సుత ఉన్నది. ఆడ ఆడోళ్లు ఏం కూర వండుతరు, నీళ్లు యాడికెళ్లి తెస్తరు, గవి తీస్కరా జెర."

ఇంకొకరైతే మొహం మాడ్చుకునేవారు. ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు. అప్పటినుంచి ఆయన ఆల్బంలో ఆగ్రా అంటే ముల్లంగి దుంపలు కడిగే ఆడవాళ్ళు. మధురై అంటే పూలు మూరవేసే చెయ్యి. "ఆఫీసులో వాళ్ళు తాజ్‌మహల్ ఏదయ్యా అంటే ఈయన ముల్లంగి చూపిస్తున్నారు వదినా" అని ఆంటీ నవ్వలేక చచ్చేది. అమ్మ ఆ ముల్లంగి ఫోటోని అద్దం మూలన దోపుకుంది. మా ముల్లంగి కన్నా పొడుగున్నదని వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

ఆయనకొక పట్టు ఉండేది. అడక్కుండా ఎవరి ఫోటో తీయరు. భాష రాకపోతే కెమెరా చూపించి, తలాడించి అడిగేవారు. పూరీలో చేపలమ్మే ఆవిడ రేపు రమ్మని చెయ్యి ఊపిందని, ఎక్కాల్సిన బండి వదిలేసి మర్నాడు మళ్ళీ వెళ్ళారు. దానికి ఆంటీ రెండు రోజులు మాట్లాడలేదట. "మొహం వాళ్ళది అమ్మాయ్. మనది కెమెరా ఒక్కటే" అనేవారు నాతో.

అమ్మనూ అడిగారు, ఒకే ఒక్కసారి. అమ్మ చిన్నప్పుడు వాళ్ళక్క ఫోటో దిగిన నెలలోపే జ్వరంతో పోయింది. అప్పటినుంచి కెమెరా అంటే అమ్మకు హడల్.

"నాది మాత్రం తియ్యకన్నా. నీకు దండం పెడ్త."

"తియ్యను చెల్లెమ్మా. మాటిస్తున్నాను" అన్నారాయన.

నేను అక్కడే కూర్చుని కొబ్బరి ముక్క తింటున్నాను. ఆ మాట ఒకనాడు నా ప్రాణం మీదికి వస్తుందని నాకేం తెలుసు.

రెండేళ్ళ కింద అమ్మ పోయింది. దినానికి పటం కట్టిద్దామని ఇల్లంతా వెతికితే ఓటరు కార్డు ఒక్కటి దొరికింది. అందులో బొమ్మను పెద్దది చేయిస్తే మసక మసగ్గా ఇంకెవరో వచ్చారు. మా మేనత్త ఆ పటం ముందు నిలబడి "ఎవలీమె" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికి అంకుల్ వాళ్ళు మల్కాజిగిరిలో సొంతింటికి మారిపోయారు. ఆయన ఆ రోజు వచ్చి ఓ మూల నిలబడి ఉంటే, అందరి ముందూ అడిగేశాను.

"ఇన్నేండ్లు మా వాకిట్ల కూసున్నరు కద అంకుల్. ఊళ్లోళ్లందరియి తీసిన్రు. మా అమ్మది ఒక్కటి, దొంగతనంగనన్న తియ్యబుద్ధి కాలేదా?"

"వద్దంది అమ్మాయ్."

"ఆమెకేం ఎరుక. మీకు సుత ఎరుక లేదా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తేదాన్ని, ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడేదాన్ని, అంతే. కిందటి క్రిస్మస్‌కి కేకు పంపిస్తూ, కొత్త ఫోటోలున్నాయి రమ్మని కబురు పెట్టారు. వెళ్ళలేదు. తీరిక లేక కాదు, కావాలనే వెళ్ళలేదు. ఇప్పుడు ఎవరి మీద అలగను?

భూస్థాపన అయిన వారానికి మల్కాజిగిరి వెళ్ళాను. ఆంటీ దగ్గర నా కడుపులో మాట కక్కేశాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. బిస్కెట్ డబ్బాలు ఆరు తెచ్చి ముందు పెట్టింది.

"చూసుకో తల్లీ. నాకు తెలిసి లేదు. ఆయన సంగతి నీకు తెలుసుగా."

మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర నిలబడి నెగటివ్‌లు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి వెతికాను. దేశంలో ఉన్న ఆడవాళ్ళందరూ ఉన్నారు. అమ్మ లేదు. దూరంగానో, వెనకనుంచో కూడా లేదు. కోపం రావాలి కదా, రాలేదు. బదులు సిగ్గేసింది. అమ్మ వద్దన్న పని మానినవాళ్ళు మా ఇంట్లో ఎవరని? నాన్న మానలేదు, నేను మానలేదు. ఆమె వద్దంటే వద్దనే విన్నది ఈ ఒక్క మనిషే. అందుకు ఆయన్ను నలుగురిలో నిలబెట్టి కడిగాను.

డబ్బాలు సర్దుతుంటే ఆంటీ ఒక నెగటివ్ కొస పట్టుకుని, "ఇది మీ వాకిలి కదూ" అంది. చూస్తే అదే. ఇంకో రీలు తీశాను, దాని మొదట్లోనూ అదే. మనుషుల కోసం వెతుకుతూ నేను దాటేసినవి. కొత్త రీలు ఎక్కించినప్పుడు మొదటి బొమ్మకు వెలుతురు తగిలి సగం పాడవుతుంది. ఎలాగూ పోయేదే కదా అని, ప్రయాణం ముందు ఆయన మెట్లు దిగొచ్చి మా వాకిట్లో నొక్కేసేవారు. "చెల్లెమ్మా, కాస్త పక్కకు జరుగు" అనేవారు. అమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి, గబుక్కున లోపలికి పోయేది.

అన్నీ ప్రింట్ వేయించాను. ఒక్కోటి సగం ఎర్రగా కాలిపోయి ఉంది, మిగతా సగంలో మా వాకిలి. ఒకదాంట్లో సగం పేర్చిన బతుకమ్మ. ఒకదాంట్లో నా స్కూలు గౌను, కుట్టు మధ్యలో సూది అలాగే గుచ్చి ఉంది. తెలిసే తీశారా అంకుల్ అని అడగాలని ఉంది. చేతులు కడుక్కుని, ఆయన పక్కన కూర్చుని, ఒక్కోదాని కథా చివరిదాకా వినాలని ఉంది.

అన్నిటికన్నా పాతదాంట్లో పీట, దాని ముందు చేట. చేటలో బియ్యం. బియ్యం మీద అమ్మ నాలుగు వేళ్ళు లాగిన గీతలు.