నాన్న ఫోన్ నంబరు

మా కాలేజీలో నాణ్యతకి ఒక గది ఉంది. మెట్ల కింద, పాత స్టోర్ రూమ్ పక్కన. తలుపు మీద ఇంగ్లీషులో పొడుగాటి పేరు రాసి ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే అంతర్గత నాణ్యతా హామీ విభాగం. అంత నోరు తిరగదు గనక అందరం ఐక్యూఏసీ అంటాం. నేను నా ఎలక్ట్రికల్ పాఠాలేవో చెప్పుకుంటూ ఉండేదాన్ని. ఆ గది పని చూసే సార్ ఉద్యోగం మానేసి వెళ్ళిపోతే, మీ దస్తూరి బాగుంటుంది మేడమ్ అని ప్రిన్సిపాల్ గారు ఆ గది తాళం నా చేతిలో పెట్టారు. అన్నీ కంప్యూటర్లో కొట్టే పనికి దస్తూరితో ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

పని మాత్రం చేతినిండా ఉండేది. కాలేజీలో ఏం జరిగినా అది జరిగినట్టు రుజువు చూపించాలి. పాఠం చెబితే సరిపోదు, చెప్పినట్టు కాగితం ఉండాలి. బయటి నుంచి కమిటీ వచ్చి ఆ కాగితాలు చూసి గ్రేడు ఇచ్చి వెళుతుంది. నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్ళే రోడ్డుకి కాస్త లోపలగా, మూడు వైపులా మిరప చేల మధ్య ఉన్న మాలాంటి కాలేజీకి ఆ గ్రేడే ఊపిరి. అది లేకపోతే పిల్లలు చేరరు, చేరకపోతే మాకు జీతాలుండవు. అందుకని ఆ పనిని వెటకారం చేస్తూనే శ్రద్ధగా చేసేదాన్ని.

నా రిపోర్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ ఒకటుండేది. పిల్లలు ఎవరైనా కాలేజీకి రాకపోతే మొదటి పీరియడ్ అయిపోయేలోపే వాళ్ళ నాన్న ఫోన్‌కి మెసేజ్ పోతుంది. పోయిందో లేదో కూడా సాఫ్ట్‌వేరే చెబుతుంది. దాదాపు అన్నీ చేరినట్టే చూపించేది. దానికో రంగురంగుల గ్రాఫ్ గీయించి, కమిటీకి చూపించే వాటిలో అన్నిటికంటే ముందు పెట్టాను. పల్లెటూరి కాలేజీ అయినా ఇంటికీ క్లాసుకీ మధ్య తీగ వేశామని ఆ పేజీ చూసినప్పుడల్లా లోలోపల మురిసిపోయేదాన్ని.

కమిటీ రావడానికి ఇంకా నెల ఉందనగా హాజరు చాలనివాళ్ళ జాబితా వచ్చింది. అందులో నా క్లాసులో మూడో సంవత్సరం చదివే అమ్మాయి ఉంది. అర్థం కాకపోతే చెయ్యెత్తి అడిగే పిల్ల. మాచవరం మండలంలో ఒక ఊరు. పరీక్ష రాయనివ్వకపోతే ఏడాది పోతుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగుతుంది. అలా ఆగిన ఆడపిల్లల్లో తిరిగి వచ్చినవాళ్ళు నాకు తెలిసి తక్కువ. సరైన కారణం ఉంటే కాస్త తగ్గిన హాజరుని మన్నించే వీలుంది గనక, మీ నాన్నని తీసుకురామ్మా అన్నాను.

ఆయన చేలోంచే నేరుగా వచ్చినట్టున్నాడు. గదిలోకి అడుగుపెట్టగానే మిరప ఘాటుకి నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఆయన నొచ్చుకుని గుమ్మం దగ్గరే నిలబడితే లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. అప్పటికే నా ఎదురుగా కూర్చుని మా సీనియర్ సార్ ఆడిట్ కాగితాల మీద సంతకాలు చేస్తున్నారు. నేను కంప్యూటర్ తెర ఆ తండ్రి వైపు తిప్పి, ఇదిగో అన్నా, అమ్మాయి రాని ప్రతిరోజూ మీకు మెసేజ్ పంపాం, అన్నీ చేరాయి, మీరే పట్టించుకోలేదు అని కాస్త గట్టిగానే చెప్పాను.

ఆయన జేబులోంచి చిన్న బటన్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు ఒక్కటి కూడా రాలా అమ్మా. ఈ ఏడు కోతకి కూలోళ్ళు దొరకలా. కాయ చెట్టు మీదే తాలైపోతా ఉంటే పాపని ఆపా. బళ్ళో చదివేటప్పుడు ఒక్కరోజు పంపకపోతే పంతులమ్మ ఇంటికొచ్చి తిట్టేది. ఇక్కడ ఇన్ని రోజులు ఆపినా ఎవురూ ఏమనలా. పెద్ద కాలేజీ, ఏమనలేదంటే ఫర్లేదేమో అనుకున్నా. ఒక్క మాట చెప్తే పంపిచ్చేవాణ్ణి కదమ్మా."

మరి నువ్వన్నా చెప్పలేదా అని ఆయన వెనకే నిలబడ్డ అమ్మాయి మీద పడ్డాను. చెప్పిందట. అంత ముఖ్యమైతే కాలేజీవాళ్ళే ఫోన్ చేస్తార్లే అన్నాడట నాన్న. ఆ మాట చెబుతున్నప్పుడు ఆ పిల్ల నాన్న వైపు చూడలేదు. ఆయన కూడా తల ఎత్తలేదు.

తెర మీద నాన్న ఫోన్ నంబరు అని ఉన్నచోట చూసి పైకి చదివాను. అది తనది కాదన్నాడు. మరి ఇన్నాళ్ళూ మెసేజీలు ఎవరికి పోతున్నాయో చూద్దామని అక్కడే నా ఫోన్‌లోంచి ఆ నంబరు కొట్టాను. ఎదురుగా సీనియర్ సార్ చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఆయన తీసి చూశారు. తెర మీద నా పేరు. నా వైపు చూశారు. ఎత్తలేదు.

మా కాలేజీల సంగతి తెలియనివాళ్ళకి ఇది దొంగతనంలా కనిపిస్తుంది. మాకు మాత్రం ఏటా జరిగే తంతే. వేసవి రాగానే మగ లెక్చరర్లందరికీ మండలాలు పంచుతారు. ఎవరి మండలం నుంచి వాళ్ళు పిల్లల్ని చేర్పించాలి. కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడు ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. ఆ సమయానికి తండ్రి చేలో ఉంటాడు, లేదా సిగ్నల్ ఉండదు, లేదా ఈలోపల ఇంకో కాలేజీవాళ్ళు వచ్చి మనసు మారుస్తారన్న భయం ఉంటుంది. అందుకని నాన్న నంబరు అడిగినచోట సార్ తన నంబరే వేస్తాడు. పిల్ల చేరిపోతుంది, ఆ నంబరు అలాగే కాలేజీ కంప్యూటర్లోకి వచ్చేస్తుంది. ఊళ్ళు తిరగడం మాకెందుకని ఆడవాళ్ళం ఆఫీసులో కూర్చునేవాళ్ళం గనక ఈ నంబర్ల సంగతి నా దాకా రాలేదు. సార్ వినుకొండ నుంచి మాచవరం దాకా ఎండలో తిరిగి తెచ్చిన పిల్లలందరికీ కాగితం మీద ఆయనే తండ్రి. రోజూ కుప్పలుగా వచ్చిపడే ఆ మెసేజీల చప్పుడు వినలేక వాటిని మాత్రం మ్యూట్‌లో పెట్టేశారట.

నాకు ఒళ్ళు మండింది. సంతానం ఎంతమంది సార్ అని అడిగేశాను. ఆయన ఆ తండ్రి చేతులవైపే చూస్తూ కూర్చున్నారు. కారానికి ఎర్రబడి, గోళ్ళ పక్కన చీలిన చేతులవి. కాసేపటికి నా కోపం ఎటో పోయి, నా గ్రాఫ్ మీద సిగ్గు మిగిలింది. మెసేజ్ చేరిందా అని అడిగిన నా గది, ఎవరికి చేరింది అని ఎప్పుడూ అడగలేదు.

అందరం ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాం. ఆయన చెడ్డవారు కాదు, భయస్తులు. అందరూ చేసేదే కదా, ఏ డాక్టరు దగ్గరన్నా పిల్లకి ఒంట్లో బాలేదని సర్టిఫికెట్ తెప్పించండి, మన్నించేద్దాం అన్నారు. నేను సరేననే అనుకున్నాను. ఆ తండ్రే ఒప్పుకోలేదు.

"బంగారం లాంటి పిల్ల. దానికి జబ్బని నేనెట్టా రాయిచ్చేదమ్మా? పని చేయిచ్చుకుంది నేను. నా పేరు రాసుకోండి."

ఇక మిగిలింది నిజం చెప్పడమే. తండ్రికి కాలేజీ కబురు అందలేదని, హాజరు మన్నించే మా కాలేజీ కమిటీ మినిట్స్ పుస్తకంలో రాయాలి. అది రాస్తే నా మొదటి పేజీ అబద్ధమవుతుంది. నెలలో వచ్చే బయటివాళ్ళు ఆ మినిట్స్ కూడా తెరిచి చూస్తారు. కాలేజీ మునుగుతుంది మేడమ్ అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఆ మాటకి సీనియర్ సార్ కుర్చీ వెనక్కి జరిపి లేచి, నంబరు నాది, నేను రాసిస్తాను, మెమో ఇస్తే నాకివ్వండి అన్నారు. అక్కడే కూర్చుని రాసిచ్చారు కూడా. అది మినిట్స్‌లోకి ఎక్కింది, హాజరు మన్నించారు, అమ్మాయి పరీక్షలు రాసింది.

గ్రాఫ్ తీసేశాను. ఆ వారమంతా క్లాసు క్లాసుకీ వెళ్ళి, పిల్లలచేత వాళ్ళ ఫోన్లలోంచే ఇంటికి చేయించి, నాన్నలతో మాట్లాడి నంబర్లు సరిచేశాం. నాన్న లేనిచోట అమ్మలతో, మేనమామలతో మాట్లాడాం. కొందరు మమ్మల్ని లోన్ ఇస్తామనేవాళ్ళనుకుని కసిరి పెట్టేశారు. తర్వాత వచ్చిన కమిటీకి ఉన్నది ఉన్నట్టు చూపించాం. గ్రేడు ఆశించినంత రాలేదు, మునిగిపోనూ లేదు. సీనియర్ సార్ ఫోన్‌కి మాత్రం ఆ మెసేజీలు ఆగిపోయాయి. ఎప్పుడన్నా కారిడార్‌లో ఎదురైతే, మాచవరం పిల్ల వస్తోందా మేడమ్ అని అడుగుతారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కొత్త సెమిస్టర్ మొదలయ్యాక ఒక పొద్దున నేను క్లాసుకి బయల్దేరుతుంటే ఆ తండ్రి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మెసేజ్ ఏమన్నా వచ్చిందా అన్నా అని అడిగాను.

"రాలా అమ్మా. అందుకే చేశా. పాప వచ్చిందా?"

రాకపోతేనే మెసేజ్ వస్తుందని, ఏమీ రాలేదంటే అమ్మాయి క్లాసులో ఉన్నట్టేనని విడమరిచి చెప్పాను. ఆయన ఊఁ అంటూ మొత్తం విన్నాడు. విని, ఒకసారి చూసి చెప్పమ్మా అన్నాడు. ఏమీ అనకపోవడాన్ని నమ్మి ఒకసారి పిల్ల ఏడాది పోగొట్టబోయిన మనిషికి నేను ఏ సాఫ్ట్‌వేర్ చూపించి నచ్చజెప్పగలను? ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మెట్లెక్కి, కిటికీలోంచి క్లాసులోకి చూశాను. చెయ్యెత్తి ఏదో అడుగుతోంది. ఉందన్నా, క్లాసులోనే ఉంది అని చెప్పాను. ఇప్పటికీ చేస్తుంటాడు. ప్రతిసారీ మెట్లెక్కి చూసే చెబుతాను.