ఎనకకు మర్లని కెమెరా

గా టీవీ బందువెట్టి ఇట్ల నా ముంగట కూసో బిడ్డా. సక్కగ ఇను, నేను జెప్పింది జెప్పినట్టు రాయి, నడుమల నవ్వకు. మీ అమ్మ వంటింట్ల ఉంది, ఇంటే ఇననియ్. దాని గురించే జెప్తున్న.

మీ అమ్మ పని ఏందో నీకెరుకే. మందుల కంపెనీల బొమ్మలు జేస్తది. మన ఒంట్ల ఉండే ప్రోటీన్లు కంటికి ఆనవు గదా, వాటిని కంప్యూటర్ల ఇంత పెద్దగ జేసి, రంగులేసి, సుట్టు తిప్పి సూపెడ్తది. తిప్పి అంటే మల్ల దానికి కోపమొస్తది. "అది తిరుగుతలేదమ్మా, దాని సుట్టు మనం తిరుగుతున్నం. కెమెరా తిరుగుతాంది" అంటది. కెమెరా ఏడుందే, నాకు కనిపిస్తలేదంటే, "నీ కండ్లే కెమెరా అనుకో" అన్నది. ఈడ ఒక గుర్తు పెడ్తది, ఆడ ఒక గుర్తు పెడ్తది, నడుమ తొవ్వ కంప్యూటరే ఏసుకుంటది.

నేనెట్ల అండ్ల పడ్డనంటవా? నాకు తల తిరిగే బీమారి ఉంది గదా. ఒకనాడు దాని ఎనక నిలవడి సూస్తున్న, గా బొమ్మ గిర్రున తిరిగె, నేను గోడ వట్టుకొని కూలవడ్డ. మీ అమ్మ ఉరికొచ్చి నీళ్లు తాపి ఏమన్నదో ఎరుకనా? "అమ్మా, మంచిగ దొరికినవ్! నీకు తిరగకుంటె ఇగ ఎవ్వలకూ తిరగది." దానికి సంబురం! గప్పటి సంది పొద్దుమూకంగ చాయ్ దాగి దాని పక్కన కుర్చీల కూసునుడే నా డ్యూటీ. అది నడిపిస్తది, నేను సూస్త. తల తిరిగితే చెయ్యెత్తుత. అది గుర్తులు ఎడంగ జరిపి మెల్లగ జేస్తది, మల్ల సూస్త. కక్కొచ్చినట్టయ్యేది బిడ్డా. నిమ్మకాయ ముక్క ముక్కు కాడ వెట్టుకొని కూసుంటుంటి.

మొన్నటి ప్రోటీను నీలం రంగుది, సంక్రాంతికి జేసే సకినం లెక్క సుట్టలు సుట్టలుగ ఉండె. ముంగట ఒక గుంత. మందు పోయి గా గుంతల కూసుంటదంట. కెమెరా ఎనకకు పోయేసరికి ఒక కాడ సుట్ట తెగిపోయి ఉంది. తెగిన కాడ ఉట్టి చుక్కలు. "ఏందే, మరిచిపోయినవా?" అన్న. "లేదమ్మా, గా ముక్క కుదురుగ ఉండదు, ఊగుతనే ఉంటది. ఎంత పెద్ద మిషన్లకైనా దొరకలే. ఎట్లుంటదో తెల్వదు, అందుకే చుక్కలు" అన్నది.

నాకు గదే మస్తు నచ్చింది. గంత సదువుకున్నోల్లు, మాకు తెల్వదని చుక్కలు వెట్టుకున్నరు సూడు! గది సూపెట్టాలె అన్న. నేను శామీర్‌పేట చెరువు కాడ చేపలమ్మిన దాన్ని. కొనెటోల్లు మర్లేసి సూడకుంటె నేనే మర్లేసి సూపెడ్తుంటి. రేపు మల్ల నా కాడికే రావాలె గదా. మీ అమ్మ నవ్వింది. "సరే తియ్, చేప లెక్కనే మర్లేద్దాం" అని నా తల మీద చెయ్యి వెట్టి మాటిచ్చింది.

గా ఎనక తొవ్వనే మస్తు సతాయించింది. మెల్లగ జేస్తే సాగదీసినట్టుండె, జల్దీ జేస్తే నేను కుర్చీలకెళ్లి జారుతుంటి. ఆఖరికి ఒకనాడు కుదిరింది. మీ తాత చెరువు నడుమ తెప్ప మర్లేసినట్టు, కుదుపు లేకుంట మర్లింది. నా తల తిరగలే. ఇద్దరం సప్పట్లు కొట్టినం.

తర్వాత కంపెనీలోల్లు ఇంటోల్లను గూడ పిలిచిండ్రు, పెద్ద తెర మీద ఏస్తమని. పొద్దుగాల మీ అమ్మనే నాకు తలదువ్వి కొప్పు వెట్టింది, పట్టుచీర కట్టిచ్చింది. మన తూంకుంటల కారెక్కినం.

హాల్ల నా పక్కన ఒకామె కూసుంది, ఆంధ్రామె, సుచిత్ర చౌరస్తా కాడుంటరంట. "మీకిదంతా అర్థమవుతుందాండీ?" అన్నది. "అర్థమయ్యుడేందమ్మా, నేనే పక్కన కూసోని జేపిచ్చిన" అన్న. లైట్లు బందయినయ్. నీలం సకినం వచ్చింది. "ఇగ సూడుండ్రి, ఇప్పుడు ఎనకకు మర్లుతది, అసలు సంగతి ఆడనే ఉంది" అన్న. నా గొంతు నీకెరుకే గదా, ముందల వరుసోల్లు గూడ మర్లి నన్ను సూసిండ్రు. కెమెరా గుంత ముంగట జర ఆగింది. ఇగ మర్లుతది అనుకున్న. సీదా గుంతలకు పోయింది. మందు కూసుంది. అయిపోయింది. అందరు సప్పట్లు.

"వెనక్కి తిరగలేదేంటండీ?" అన్నదామె. ఎక్కిరియ్యలే, మెల్లగనే అడిగింది. నాకు షరమైంది బిడ్డా. కొంగు సదురుకున్న.

మర్లి వచ్చేటప్పుడు కార్ల అడిగిన. "మా సారు తీసెయ్యమన్నడమ్మా. తెగింది సూపెడ్తే వచ్చినోల్లు సవాల్లు అడుగుతరంట."

"ఎప్పుడన్నడు?"

మీ అమ్మ కిటికీల కెళ్లి బయటికి సూసింది.

"ఎప్పుడన్నడే?"

"ముందలనే అన్నడు."

"మనం సప్పట్లు కొట్టినంక అన్నడా?"

"అంతకు ముందలనే. నువ్వు మస్తు సంబురంగుంటివి అమ్మా, నాకు చెప్పబుద్ధి కాలే."

తీసేసిందని కాదు నా బాధ. సారు తియ్యమంటే తియ్యాలె, నౌకరి గదా, నాకు తెల్వదా? తెర మీద గది రాదని ఎరుకై గూడ నాతోని సప్పట్లు కొట్టింది. నేను నిమ్మకాయ వాసన సూసుకుంట తల తిరుగుడు ఓర్సుకుంటుంటే పక్కన కూసోని ఇంకొంచెం, ఇంకొంచెం అన్నది. కొప్పు వెట్టేటప్పుడన్న చెప్పొచ్చు గదా. గప్పుడు గూడ దాని చేతులు నా తల మీదనే ఉండె.

ఇప్పుడు ఇంకో బొమ్మ వచ్చిందంట. పొద్దుగాల సంది నా సుట్టే తిరుగుతాంది. చాయ్‌ల అల్లం ఎక్కువేసింది, నా కుర్చీల మెత్తటి దిండు వెట్టింది. "అవ్వా, రేపు కూసుంటవా?" అని నీతోని అడిగిచ్చింది ఎవలో నాకు తెల్వదా? మొకం దాసకు, రాయి. గిది గూడ రాయి. కూసుండనని నేను అంటలే. కానీ ముందుగాల అది నా ముంగటికొచ్చి, నా మొకం సూసి, గా దినం సప్పట్లు కొట్టినప్పుడు దాని మనసుల ఏమున్నదో… ఇగో, పిలుస్తాంది సూడు. "అమ్మా, అన్నం సల్లారిపోతాంది, జల్దీ రా" అంట. వస్తున్ననే! ఏమున్నదో గది ఉన్నదున్నట్టు జెప్పి, గప్పుడు నా తల మీద చెయ్యి వెట్టి అడగాలె.