చాయ్ తాగి వచ్చేదాకా

మొన్న మా ఇంట్లో ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే, ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త కండెన్సర్ బిగించి, "అయిపోయింది సార్" అని సంచి సర్దుకున్నాడు. నేను అతణ్ణి కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. ఆ అలవాటు నాది కాదు, మా మేనమామది.

ఎనభైల్లో మామకు సూర్యాపేటలో రేడియో మరమ్మతు దుకాణం ఉండేది. బడి మొహం చూడని మనిషి. రేడియో బాగైనా వెంటనే చేతికిచ్చేవాడు కాదు. దాన్ని పాడనిచ్చి, తెచ్చినవారిని పక్క హోటల్లో చాయ్ తాగి రమ్మని పంపేవాడు. అది వట్టి మర్యాద అనుకున్నాను. మిర్యాలగూడలో బీఎస్సీ పూర్తిచేసి, మా వంశంలో తొలి పట్టభద్రుణ్ణయిన నాకు అందులో శాస్త్రమేదీ కనిపించలేదు.

ఆ ఏడాదే కోదాడలో ఒక హోటలు యజమాని, హైదరాబాదులో మూతబడిన కేఫ్ నుంచి జ్యూక్‌బాక్సు కొని తెచ్చాడు. బిళ్ళ వేసి మీట నొక్కితే కోరిన రికార్డు పాడే పెట్టె. పాడవలసిన పెట్టె గుర్రుమంటూ కూర్చుంది. మామకు అప్పుడే కంటి ఆపరేషన్ అయింది, కట్టు ఇంకా విప్పలేదు. అయినా "మా అల్లుడు డిగ్రీ చదివిండు, ఆయన చేస్తడు" అని మాటిచ్చి, నన్ను వెంటబెట్టుకొని కోదాడ బస్సెక్కాడు. మర్నాడు హోటలు కొత్త హాలు ప్రారంభం. అప్పటికి పాడకపోతే పెట్టె పాత ఇనుములోకి పోతుంది, దానితో పాటే మామ మాట కూడా.

కాలేజీలో నేర్పిన ప్రకారం ముందుగా కరెంటు తీసి, కెపాసిటర్లన్నీ, అంటే మనం కండెన్సర్లనేవే, ఒక్కొక్కటిగా మీటరుతో పరీక్షించాను. ఉబ్బిపోయిన రెండు పెద్దవాటిని మార్చగానే గుర్రు ఆగి పాట వచ్చింది. యజమాని నా భుజం తట్టాడు. నేను గర్వంగా స్క్రూలన్నీ బిగించేశాను. మూడో పాటకు గాయకుడి గొంతు బొంగురుపోయింది.

"ఏవండీ డిగ్రీ గారూ, పాటగాడికి జలుబు చేసిందా?" అన్నాడు యజమాని.

"మీటరుల అన్నీ మంచిగనే ఉన్నయి మామా" అన్నాను, చెమట తుడుచుకుంటూ.

మామ కుర్చీలోంచే నవ్వాడు. "చల్లగున్నప్పుడు మంచిగనే ఉంటయి అల్లుడా. ఉడుకెక్కినంక సూసినవా? చాయ్ తాగి రమ్మని జనాన్ని ఊకెనే పంపుతున్ననా? ఇగ జర పైలం, ఎడమ చెయ్యి జేబుల పెట్టుకో."

లోపల మూడు వందల వోల్టులు; రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది. మామ చెప్పినట్టే, పాటను పెద్దది చేసే గాజు వాల్వుకు దాన్ని అందించే మైనపు పూత కెపాసిటర్‌కు వాల్వు వైపున్న తీగ విప్పి, కరెంటిచ్చి, పెట్టె వేడెక్కేదాకా ఆగి మీటరు పెట్టాను. పాట మాత్రమే దాటవలసిన చోట కరెంటు కూడా కారుతోంది. ముల్లు మెల్లగా పైకి లేచింది. నా పట్టా మెల్లగా కిందికి దిగింది.

దాన్ని మార్చాక, ఈసారి యజమానినే చాయ్ తాగి రమ్మన్నాడు మామ, అదీ ఎదురుగా ఉన్న బండి దగ్గర.

"నా హోటల్లో చాయ్ లేదనుకున్నావా?"

"ఉన్నది సేటూ. కానీ గీడ కూసుంటే నువ్వు పెట్టెను తాకకుండ ఉంటవా?"

ఆయన గొణుగుతూనే వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి గాయకుడి జలుబు పూర్తిగా తగ్గింది. మర్నాడు కొత్త హాలులో మొదటి బిళ్ళ మామ చేతే వేయించారు.

మా ఎలక్ట్రీషియన్ గ్లాసు కింద పెట్టి, పైకి చూసి, "తిరుగుతనే ఉన్నది గద సార్, ఇగ పోనా?" అన్నాడు. పొమ్మన్నాను. నేను చదువుకున్న పరీక్షలన్నీ ఇప్పుడు చిన్న చిన్న యంత్రాలే చేసేస్తున్నాయి. కాలం పెట్టే పరీక్షకు మాత్రం నేటికీ ఒక చాయ్ అంత ఓపిక పట్టవలసిందే.