ఆమె సరిగ్గానే చదివింది

పద్దెనిమిదేళ్ళుగా నా దగ్గర ఒక చిన్న కాగితం ఉంది. అరచేతిలో ఇమిడిపోయేంతది. దాని బరువు ఎంతో నా ప్రయోగశాలలోని త్రాసు మీద పెట్టి చెప్పగలను. ఒక గ్రాముకు మించదు. నేను చెప్పబోయే బరువు ఆ త్రాసుకు అందేది కాదు. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ముందుగా, తెలిసినదాన్నీ విన్నదాన్నీ విడదీయాలి. అది నా వృత్తి. కొంతవరకు నా జబ్బు కూడా.

నాకు ఖచ్చితంగా తెలిసింది ఇది. నేను రసాయన శాస్త్రం చదువుకున్నాను. నరసాపురం వైపు ఒక ఊళ్ళో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే చిన్న ప్రయోగశాల నడుపుతున్నాను. ఒకప్పుడు మా ప్రాంతపు కేబుల్ ఛానెల్లో పొద్దున్నే చెరువు రైతుల కోసం ఒక కార్యక్రమం వచ్చేది. రైతులు అడిగిన ప్రశ్నలకు జవాబులు నేను చీటీల మీద రాసిచ్చేవాణ్ణి. కరుణ అనే అమ్మాయి కెమెరా ముందు కూర్చుని వాటిని చదివేది. కరుణ అసలు పేరు కాదు. అసలు పేరు మీకు తెలిసే ఉంటుంది; ఆ తరవాత ఆమె హైదరాబాదులో పెద్ద ఛానెళ్ళలో వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకుంది, అక్కణ్ణుంచి సినిమాల్లోకి వెళ్ళింది. మొదట హీరోయిన్ పక్కన నిలబడే స్నేహితురాలు, తరవాత వదిన, తరవాత కథంతా తన మీదే నడిచే పాత్రలు.

ఇక విన్నవి. ఛానెల్ వాళ్ళే ఆమెను తీసేశారని కొందరంటారు, తనే మానేసిందని కొందరు. ఒక దర్శకుడు మా కేబుల్ కార్యక్రమం చూసి ఆమెను పిలిపించాడంటారు, ఆధారం దొరకలేదు. ఆమె చదివిన ఒక్క అంకె వల్ల వంద ఎకరాల రొయ్య పోయిందని ఇప్పటికీ టీ కొట్ల దగ్గర చెప్పుకుంటారు. నేను కళ్ళతో చూసినవి రెండు చెరువులు.

ఆమె ఆ అంకెను తప్పు చదివిందన్న మాట మిగిలింది. దాన్ని అందరూ తెలిసినవాటి వైపే వేస్తారు. ఆమె కూడా అటే వేస్తుంది. అది అక్కడ ఉండకూడదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

కరుణ తండ్రి లూథరన్ చర్చికి చెందిన మనిషి, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన కూతురికి పదేళ్ళ వయసు నుంచీ ఆదివారం ఆరాధనలో వాక్యం చదవడం అప్పగించారు. చదవబోయే కాగితం మీద ఎక్కడ ఆగాలో అక్కడ ఎర్ర పెన్సిలుతో నిలువు గీత పెట్టుకోవడం ఆయన నేర్పిందే. నా చీటీల మీదా ఆమె అలాగే గీతలు పెట్టుకునేది. ప్రతి అంకె తరవాతా ఒక గీత తప్పనిసరి. "అంకె దగ్గర ఆగకపోతే రైతులు రాసుకోలేరు కదండీ," అనేది. కార్యక్రమం అయ్యాక చీటీలన్నీ తిరిగి నాకు ఇచ్చేది. నేను వాటిని వరసగా ఫైలులో పెట్టుకునేవాణ్ణి. ఎవరైనా ఎప్పుడైనా అడిగితే రుజువు ఉండాలని.

రుజువు అన్న మాట నాకు అప్పట్లో చాలా ఇష్టం. రొయ్యలు రాత్రికి రాత్రి పెరుగుతాయని సీసాలు అమ్ముకునేవాళ్ళను నలుగురిలో నిలబెట్టి రుజువు అడిగేవాణ్ణి. ఆ మహిమ మందుల్లో రంగునీళ్ళు తప్ప ఏమీ లేవని పరీక్ష చేసి చూపించేవాణ్ణి. ఆయన లెక్క తప్పదు అని రైతులు అనడం నా చెవిన పడేది. పడనట్టు ఉండేవాణ్ణి.

ఒక రోజు మొగల్తూరు దగ్గర నుంచి పెద్దిరాజు గారనే రైతు అడిగిన ప్రశ్న వచ్చింది. ఒక మందు ఎకరాకు ఎంత వేయాలని. మందు పేరు కావాలనే రాయడం లేదు. ఇది చదివి మరెవరూ కొలతలు వేసుకోకూడదు. ఆ మందుకు నా నోటు పుస్తకంలో రెండు నిలువు వరసలున్నాయి. ఒకటి, రొయ్య పిల్ల వదలక ముందు ఖాళీ చెరువును శుద్ధి చేయడానికి. రెండోది, పిల్ల ఉన్న చెరువుకు. మొదటి దాంట్లో ఇరవై కిలోలు, రెండో దాంట్లో రెండు. ఆయన చెరువుల్లో రెండు నెలల రొయ్య ఉందని ప్రశ్నలోనే ఉంది. నేను మొదటి వరస చూసి రాశాను. ఇరవై. ఆ పొద్దున ఏ ఆలోచనలో ఉన్నానో చెప్పగలిగితే బాగుండేది. ఏమీ లేదు. మామూలు పొద్దున.

పొరపాటు వరకే అయితే ఇదంతా మీకు రాయవలసిన పని లేదు.

రెండు రోజులకు ఛానెల్ యజమాని ఫోన్ చేశాడు. పెద్దిరాజు గారి రెండు చెరువుల్లోనూ రొయ్య చచ్చి తేలిపోయిందని, ఆయన ఆఫీసులో కూర్చున్నాడని, ఆ రోజు చీటీ పట్టుకుని రమ్మని. నేను ఫైలు తీశాను. నా చేతిరాతలో ఇరవై. దాని తరవాత ఆమె ఎర్ర గీత.

చీటీని ఎంతసేపు చూశానో కొలవలేదు. తరవాత అదే చీటీల కట్టలోంచి ఇంకొక కాగితం చింపాను. అదే ప్రశ్న, అదే జవాబు, అదే పెన్నుతో మళ్ళీ రాశాను. ఇక్కడే మీరు కొంచెం ఆగి చూడాలి. రెండు అని ఊరికే రాయలేదు. "2.0" అని రాశాను. ప్రయోగశాలలో అలా రాసే అలవాటు ఉందని నాకు నేను చెప్పుకున్నాను. ఉన్న మాట నిజమే. కానీ ఆ చీటీల మీద అంతకు ముందు ఎన్నడూ అలా రాయలేదు. నా తప్పును దాచే అంకె మాత్రమే నాకు చాలలేదు. ఆమె తప్పు చదవడానికి వీలైన అంకె కావాలి. చుక్క కంటికి ఆనకపోతే ఇరవై. ఒక మనిషి చేయని పొరపాటును అంత శ్రద్ధగా తయారు చేయడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఛానెల్ ఆఫీసులో పెద్దిరాజు గారి కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ కవర్లో చచ్చిన రొయ్యలున్నాయి. కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు సులువయ్యేదేమో.

"పక్క చెరువాయన వద్దన్నాడండి. ఇంత పోస్తారేంటి రాజు గారూ, మతుండే పోస్తున్నారా అన్నాడు. టీవీలో చెప్పారయ్యా, ఊరికే చెప్తారా అన్నానండి. మా ఆవిడ క్యాలెండరు మీద రాసుకుంది కూడాను. ఇరవై అని."

"అవునండి, ఇరవై అనే చదివానండి," అంది కరుణ.

యజమాని నా చీటీ తీసి ఆమె ముందు పెట్టాడు. "మరి ఇక్కడ రెండని ఉందేంటమ్మా?"

ఆమె చీటీ చేతిలోకి తీసుకుంది. చదివింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పి కిటికీ వెలుతురు వైపు పట్టుకుంది. తరవాత నా వైపు చూసింది.

"సార్, ఇది మీరు రాసిందేనా అండి?"

"నా చేతిరాతేనమ్మా," అన్నాను.

అదే నేను ఆడిన మాట. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎన్నో ఏళ్ళు దాన్ని పట్టుకుని వేలాడాను. నిజం మాత్రమే పలికి ఇంత పెద్ద అబద్ధం చెప్పవచ్చని నాకు ఏ శాస్త్రమూ నేర్పలేదు. నేనే కనిపెట్టాను.

ఆమె చీటీని బల్ల మీద పెట్టింది. "అయితే నేనే చుక్క చూసుకోలేదండి." పెద్దిరాజు గారి వైపు తిరిగి, "తప్పయిపోయిందండి బాబాయి గారూ," అంది.

"ఏం చేస్తాంలే తల్లీ," అన్నాడాయన. "చుక్కే కదా. ఎంతుంటది?"

ఆ ఏడు ఆయన చెరువులు వదిలేశాడు. ఇది చూసిందే. ఆ తరవాత రెండు వారాలు కరుణ కార్యక్రమం చేసింది, ఇదీ చూసిందే. ప్రశ్నలు చెప్పడానికి ఫోన్ చేసే రైతులు నవ్వుతూ, "ఏవండీ, ఇవాళ చుక్కలన్నీ ఏరుకునే కూర్చున్నారా?" అనేవారు. ఆమె కూడా నవ్వేది. రెండు వారాల తరవాత ఆ కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుంది. నేను ఆ అమ్మాయికీ చీటీలు రాసిచ్చాను. ప్రతి అంకె రెండుసార్లు సరిచూసుకుని మరీ.

నాలుగేళ్ళకు ఆమె తెర మీద కనిపించింది. అప్పట్నుంచి నాకొక ఊరట దొరికింది. ఆ చీటీ లేకపోతే ఆమె మా ఊరి కేబుల్ కుర్చీలోనే ఉండిపోయేది కదా అని. ఎంత శుభ్రమైన వాదన. దాని లోపం మొదటి రోజే నాకు తెలుసు: పోల్చి చూడడానికి ఆమెకు రెండో జీవితం లేదు. చీటీ లేకున్నా వెళ్ళేదేమో, ఇంకా ముందే వెళ్ళేదేమో. మరొకరు ఇలాంటి తర్కం నా ముందు పెడితే ఒక్క నిమిషంలో చీల్చేసేవాణ్ణి. నాకైతే పదేళ్ళు చెల్లింది.

ఆ ఊరట పోయిన రోజు చెబుతాను. ఆమె తండ్రి పోయినప్పుడు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణి కాను, అయినా వెళ్ళాను. జేబులో అసలు చీటీ ఉంది. ఆయన బతికుండగా ఇవ్వలేనిది కనీసం ఆమెకైనా ఇద్దామని. పాదిరి గారు బైబిలు తెరిచి, ఆమె తండ్రికి ఇష్టమైన కీర్తన ఉన్న పేజీ చూపించి చేతికిచ్చారు. ఆమె పుస్తకం మూసింది. మూసిన పుస్తకాన్ని గుండెకు ఆనించుకుని, కళ్ళు నేల మీద పెట్టి, మొత్తం చూడకుండా చెప్పింది. ఎక్కడా తడబడలేదు.

నా ముందు వరసలో ఒకామె పక్కావిడతో, "ఎంత పెద్ద యాక్టరైనా చూడండి, భక్తి పోలేదు. ఒక్క ముక్క చూళ్ళేదు," అంది.

"చిన్నప్పుడైతే చూసే చదివేదిలెండి," అంది పక్కావిడ. "ఆ టీవీ గొడవయ్యాక మానేసింది. వాళ్ళ నాన్న ఎంత బతిమాలినా మళ్ళీ ఇక్కడ నిలబడి చదవలేదు పాపం."

బయటికొచ్చాక ఆమే నన్ను గుర్తుపట్టి పలకరించింది. "బాగున్నారా సార్? ఇంకా నీళ్ళే చూస్తున్నారా అండి?"

"చూస్తున్నానమ్మా," అన్నాను. చేయి జేబులోనే ఉంది. అది బయటికి రాలేదు.

మొన్న ఫోనులో ఆమె ముఖాముఖి ఒకటి చూశాను. షూటింగుకు స్క్రిప్టు తీసుకురారట, డైలాగు మూడుసార్లు చదివించుకుని వింటారట, ఇది ఏ గురువు దగ్గర నేర్చుకున్న పద్ధతి అని అడిగారు. ఆమె నవ్వింది. "పద్ధతేం కాదండి, భయం. మా ఊళ్ళో ఒక అంకె తప్పు చదివాను. ఒకాయన చెరువు పోయింది. కాగితం మీద ఏముందో నా కళ్ళు చెప్తే నేను నమ్మనండి." ఆ వీడియో కింద వేలమంది ఆమె వినయాన్ని మెచ్చుకున్నారు. ఓటమిని మెట్టుగా మలుచుకుందని రాశారు. నేను అవన్నీ చదివాను. నా వృత్తి అంతా, ఒకరు చెప్పినదాన్ని కళ్ళతో చూసి తేల్చుకోమనడమే. ఒక మనిషికి తన కళ్ళ మీదే నమ్మకం లేకుండా చేసినవాణ్ణి నేను.

కాబట్టి ఆ ఒక్క మాటను దాని చోట పెడుతున్నాను. చీటీ మీద ఇరవై అని ఉంది. రాసింది నేను. ఆమె సరిగ్గానే చదివింది.

రాశాక చేయి కొంచెం తేలికైంది. తేలిక కావడం తప్పు తగ్గడం కాదు, ఆ తేడా తెలుసు. పెద్దిరాజు గారు ఇప్పుడు లేరు. ఆమె తండ్రి లేరు. వాళ్ళకు రావలసిన ఈ వాక్యం ఇక ఏ చిరునామాకూ వెళ్ళదు. మీ ముందు పేరు దాచుకున్నాను కనుక మీకు ఇచ్చింది సగం ఒప్పుకోలే. మిగతా సగం బల్ల మీద కవరులో ఉంది: అసలు చీటీ, దాంతో పాటు ఒక ముక్క కాగితం మీద "మీరు సరిగ్గానే చదివారు" అన్న మాట. రేపు పోస్టాఫీసు తెరవగానే రిజిస్టరు చేస్తాను. కింద సంతకం లేదు. ఆమెకు అక్కర్లేదు. నా చేతిరాత ఆమెకు తెలుసు.

ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆ రోజు నేను తయారు చేసిన చీటీ మీద ఎర్ర గీతలు లేవు. మరిచిపోయాను. గీత పెట్టకుండా ఆమె ఏ చీటీనీ చదవలేదు, ప్రతి అంకె తరవాతా పెట్టి తీరేది. ముందుకు, వెనక్కి తిప్పి, వెలుతురులో పట్టుకుని చూసినప్పుడు ఆమె వెతికింది ఆ గీతల కోసమేనా? లేవని చూసి కూడా తప్పును తన మీద వేసుకుందా? లేక భయంలో అది కూడా తట్టక, నిజంగానే తన కళ్ళను అనుమానించిందా?

ఆ ప్రశ్న కవరులో పెట్టలేదు. అడిగితే ఆమె తప్పకుండా జవాబు చెబుతుంది. కానీ అడిగేది నేనై ఉండగా, ఆ జవాబు నిజమో, నా మీద దయో తేల్చే పరీక్ష నాకు తెలియదు.